మట్టి కుండీయా, ప్లాస్టిక్ కుండీయా? మీ మొక్కకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

నర్సరీలో మొక్క చూడగానే నచ్చేస్తుంది, బండి మీద పెట్టేసుకుంటాం. కుండీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో రెండు పార్టీలు. మట్టిదైతేనే మొక్కకు మంచిదని ఒకరు, అంత బరువు మూడో అంతస్తుకి ఎవరు మోస్తారని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే కానీ, ఇద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. కుండీని బట్టి మారేది ముఖ్యంగా ఒక్కటే: లోపలి మట్టి ఎంత తొందరగా ఆరుతుందన్నది. అందుకే మొక్క పేరు కన్నా ముందు, దానికి నీళ్లు ఎవరు పోస్తారో, ఎప్పుడు పోస్తారో చూసుకోవాలి. ఈ వరుసలో వెళ్లండి, సగం వాదనలు వాటంతటవే తెగిపోతాయి.

ముందు తేడా ఏమిటో చూద్దాం

కాల్చిన మట్టిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. పోసిన నీళ్ల తడి ఆ గోడల్లోంచి బయటికొచ్చి గాలికి ఆవిరవుతుంది, ఆవిరవుతూ లోపలి వేడిని కొంత లాక్కుపోతుంది. ఎండాకాలం కుండలో మంచినీళ్లు చల్లబడేది ఇలాగే. ఆ గోడల్లోంచే వేళ్లకు కాస్త గాలి కూడా అందుతుంది. ప్లాస్టిక్ గోడ దేన్నీ పోనివ్వదు. నీళ్లు పైనుంచి ఆవిరవ్వాలి, అడుగు నుంచి కారాలి, లేదంటే మొక్క తాగాలి. సైజు, మట్టి, చోటు అన్నీ ఒకటే అయినా మట్టి కుండీ ముందు ఆరిపోతుంది, ప్లాస్టిక్ కుండీ తడి పట్టుకుని ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్లేజు వేసిన పింగాణీ కుండీలు, బయటా లోపలా ఎమల్షనో ఎనామిలో పూసిన మట్టి కుండీలు చూడ్డానికి బాగుంటాయి కానీ, నీళ్ల విషయంలో అవి ప్లాస్టిక్ కిందే లెక్క. రంధ్రాలు మూసుకుపోయాక అది మట్టిదైనా ఒకటే. అందం కావాలంటే జాజు పూయండి, ముగ్గు వేయండి, వాటితో ఇబ్బంది లేదు.

మొదటి అడుగు: మీ ఇంట్లో నీళ్లు పోసే అలవాటు గమనించండి

పొద్దున లేవగానే పైపు పట్టుకుని అన్నిటికీ తడిపేసే మనిషి ఇంట్లో ఉంటే మట్టి కుండీలే కొనండి. అమ్మ పొద్దున పోసిన సంగతి తెలియక నాన్న సాయంత్రం ఇంకోసారి పోసే ఇళ్లు చాలానే ఉంటాయి. అలాంటి చోట ప్లాస్టిక్ కుండీ పెడితే మట్టి ఎప్పుడూ బురదగానే ఉంటుంది. వేళ్లకు గాలాడదు, కుళ్లు మొదలవుతుంది. వేరు కుళ్లినా ఆకులు వాలిపోతాయి, నీళ్లు చాలకపోయినా వాలిపోతాయి. పైకి తేడా తెలియదు కాబట్టి, వాడిపోయింది పాపం అని ఇంకో చెంబు పోస్తారు. మొక్క పని అయిపోతుంది. ఎండి వాడిన మొక్క నీళ్లు తగలగానే చాలావరకు లేచి నిలబడుతుంది, వేరు కుళ్లిన మొక్క అంత తేలిగ్గా లేవదు.

నీళ్లు పోయడం మరిచిపోయేవాళ్లు, రెండు రోజులకోసారి గానీ మేడ ఎక్కనివాళ్లు, వేసవి సెలవుల్లో ఊరెళ్లిపోయేవాళ్లు ప్లాస్టిక్‌కే మొగ్గు చూపాలి. మట్టి కుండీ మొక్కకు మంచిదన్న మాట, రోజూ ఒక మనిషి దాని దగ్గరికి వెళ్తాడన్న షరతు మీద నిలబడి ఉంది. వేసవిలో మేడ మీది మట్టి కుండీకి ఒక్కపూట నీళ్లు తప్పినా లేత మొక్క మాడిపోవచ్చు.

రెండో అడుగు: కుండీ పెట్టే చోట నిలబడి ఎండ, గాలి చూడండి

మధ్యాహ్నం రెండు గంటలకు ఆ చోటికి ఒకసారి వెళ్లండి. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ పక్కనైతే నల్ల ప్లాస్టిక్ కుండీ అస్సలు వద్దు. నల్లరంగు ఎండను పీల్చుకుంటుంది. ఎండ తగిలే వైపు చెయ్యి పెట్టి చూస్తే చురుక్కుమంటుంది, ఆ గోడకు అంటుకున్న వేళ్లకూ అదే సెగ. మట్టి వేడి 40 డిగ్రీలు దాటాక చాలా మొక్కల వేళ్లు దెబ్బతినడం మొదలవుతుంది. తెల్లవి, లేత రంగువి అయితే కొంత నయం. నల్లవే ఉన్నాయంటే ముందు వరసలో ఇటుకలో, పాత కుండీలో అడ్డుపెట్టి గోడకు నీడ పడేలా చూడండి. మొక్కకు ఎండ కావాలి, కుండీకి అక్కర్లేదు.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో గాల్లోనే చెమ్మ ఎక్కువ. మట్టి కుండీ నెమ్మదిగా ఆరుతుంది, కాబట్టి అక్కడ దాన్ని నిర్వహించడం తేలిక. అనంతపురం, కర్నూలు, రామగుండం వైపు పొడి వేడి. అక్కడ మట్టి కుండీ వేళ్లను బాగా చల్లబరుస్తుంది కానీ నీళ్లను అంత వేగంగానూ లాగేస్తుంది. రోహిణి కార్తెలో, అంటే మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, ఆ ఊళ్లలో చిన్న మట్టి కుండీలకు పొద్దునా సాయంత్రం రెండు పూటలా నీళ్లు పడాల్సిందే. అంత ఓపిక లేకపోతే మేడ మీద పది అంగుళాల కన్నా చిన్న మట్టి కుండీ పెట్టకండి. కుండీ చిన్నదయ్యే కొద్దీ లోపలి మట్టితో పోలిస్తే గోడ వాటా పెరుగుతుంది, అందుకే చిన్నవి మరీ తొందరగా ఆరిపోతాయి.

బాల్కనీ అయితే గాలిని కూడా చూడాలి. పిట్టగోడ మీద ఏ కుండీ పెట్టినా ప్రమాదమే, మట్టిదైతే కింద నడిచేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. పెట్టకండి, అంతే. కోతుల బెడద ఉన్న ఊరైతే మట్టి కుండీలు వరండా గ్రిల్లు లోపలే ఉండనివ్వండి. మేడ మీద కోతి ఒక్క తోపు తోస్తే ప్లాస్టిక్ కుండీ దొర్లి ఊరుకుంటుంది, మట్టిది ముక్కలవుతుంది.

మూడో అడుగు: ఇప్పుడు మొక్కను చూడండి

ఒక తడికీ ఇంకో తడికీ మధ్య మట్టి ఆరితే బాగుండే మొక్కలకు మట్టి కుండీ. కలబంద, ఎడారి గులాబీ, బ్రహ్మజెముడు జాతులు, స్నేక్ ప్లాంట్, తులసి ఈ కోవలోవి. ఎడారి గులాబీకి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మట్టి పళ్లెం లాంటి కుండీ బాగుంటుంది. ఆర్కిడ్లకైతే చుట్టూ కన్నాలున్న మట్టి కుండీలు విడిగా దొరుకుతాయి. వాటిలో మట్టి వేయరు, బొగ్గు ముక్కలూ పెంకు ముక్కలూ నింపుతారు.

తడి ఆరితే అలిగే మొక్కలకు ప్లాస్టిక్. పుదీనా, కొత్తిమీర, పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలన్నిటికీ వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బో ట్రేనో చాలు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతుంటే సరిపోతుంది. వీటికి మట్టి కుండీలు కొనడం డబ్బు దండగ.

టమాటా గురించి కాస్త చెప్పుకోవాలి. కాయ అడుగున నల్లగా, తోలులా మచ్చ పడి కుళ్లడం చూసే ఉంటారు. చాలామంది పురుగు మందు కోసం పరుగెడతారు. అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా సరే, ఒకరోజు పూర్తిగా ఎండి, మర్నాడు నీళ్లలో మునిగితే మొక్క దాన్ని కాయ దాకా చేర్చలేదు. అందుకే టమాటాకు తడి నిలకడగా ఉండే పెద్ద ప్లాస్టిక్ కుండీయో గ్రో బ్యాగో, 15 నుంచి 20 లీటర్లది, మట్టి కుండీ కన్నా మేలు. వంగ, బెండ, మిరపకూ ఇదే దారి.

మల్లె దీనికి తలకిందులు. చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దులిపి, ఎండలు ముదిరే ముందు మళ్లీ నీళ్లూ ఎరువూ ఇస్తేనే విరగబూస్తుంది. ఆ ఎండగట్టడం మట్టి కుండీలో సులువు. ప్లాస్టిక్‌లో మట్టి ఎప్పుడు ఆరిందో తెలియదు, ఆకు పెరుగుతూనే ఉంటుంది, మొగ్గ రాదు. గులాబీకి రెండూ పనికొస్తాయి, నన్నడిగితే మట్టిదే అంటాను, 12 అంగుళాలకు తగ్గకుండా.

కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, జామ లాంటివి ఏళ్లపాటు ఉండేవి. వీటికి అంత పెద్ద మట్టి కుండీ కొనడం, మోయడం రెండూ కష్టమే. నీలం రంగు 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోయించి వాడటం మిద్దె తోటల్లో మామూలే. డ్రమ్ము కొనేముందు అందులో అంతకుముందు ఏం నింపారో అడగండి. రసాయనాలు వచ్చిన డ్రమ్ములో తినే మొక్క వద్దు. అమ్మేవాడు సరిగ్గా చెప్పలేకపోతే వదిలేయండి.

నాలుగో అడుగు: బరువు లెక్క

12 అంగుళాల కుండీలో దాదాపు 15 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి ఎక్కువగా ఉన్న మిశ్రమం తడిస్తే అది 20 కిలోలు దాటుతుంది, మట్టి కుండీ సొంత బరువు అదనం. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మనుషులు తిరిగే పైకప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకోమంటుంది. పైకి మెట్ల దారి లేని కప్పుకు అందులో సగమే. చదరపు మీటరులో 12 అంగుళాల కుండీలు ఒకదానికొకటి ఆనించి తొమ్మిది పెట్టొచ్చు. గుణించి చూడండి, 150 దాటిపోతుంది.

బరువు తగ్గుతుందని అన్నీ ప్లాస్టిక్‌కి మార్చేస్తుంటారు. కానీ బరువులో పెద్ద వాటా కుండీది కాదు, లోపలి మట్టిది. ముందు ఎర్రమట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టు, వరి ఊక పెంచండి. తర్వాత బరువైన కుండీలను స్లాబు నడిమధ్య కాకుండా, కింద గోడలూ దూలాలూ ఉన్న వరసలోకి జరపండి. పాత ఇల్లైనా, స్లాబుకు చెమ్మ దిగుతున్నా పెద్ద డ్రమ్ములు పెట్టేముందు ఇంజినీరుకు ఒకసారి చూపించడం మంచిది.

ఐదో అడుగు: కొట్టులో కుండీని పరీక్షించండి

మట్టి కుండీని నేల మీంచి కాస్త ఎత్తి, వేలి ముడులతో కొట్టి చూడండి. బాగా కాలిన కుండీ ఖంగుమంటుంది. మొద్దుగా శబ్దం వస్తే ఎక్కడో పగులుంది, లేదా ఆవంలో సరిగ్గా కాలలేదు. లోపలి వైపు గోటితోనో రూపాయి బిళ్లతోనో గీకండి. పొడి రాలితే ఆ కుండీ రెండు వానలకు పొరలు పొరలుగా లేస్తుంది. అడుగు రంధ్రం బొటనవేలు దూరేంత ఉండాలి. ఆకారం విషయానికొస్తే, కడవలా పొట్ట వెడల్పు, మూతి ఇరుకు ఉన్నవి ఎంత ముచ్చటగా ఉన్నా కొనకండి. రెండేళ్ల తర్వాత మొక్కను మార్చాలంటే కుండీ పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

ప్లాస్టిక్ కుండీ అంచును రెండు వేళ్లతో నొక్కి వదలండి. వంగి మళ్లీ యథాస్థానానికి వస్తే మంచిది. పటుక్కుమనే లక్షణం కొత్తప్పుడే కనబడితే ఎండలో ఎక్కువ కాలం ఉండదు. అడుగున త్రికోణం గుర్తులో 2 గానీ 5 గానీ ఉంటే హెచ్‌డీపీఈ లేదా పీపీ రకం ప్లాస్టిక్ అని అర్థం. ఎండను తట్టుకునే మందు కలిపారో లేదో ఆ అంకె చెప్పదు, అది చేతికి తెలియాల్సిందే. చాలా ప్లాస్టిక్ కుండీలు అడుగు మూసి ఉన్నట్టే వస్తాయి. గుండ్రటి గుర్తులు మాత్రం ఉంటాయి, వాటిని మనమే పొడుచుకోవాలి. ఇది చూసుకోకుండా మొక్క నాటేసి, నీళ్లు ఎందుకు దిగడం లేదని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు.

పెయింటు బకెట్లు, నీళ్ల క్యాన్లు వాడాలనుకుంటే బాగా కడిగి, అడుగున డ్రిల్లుతో అయిదారు కన్నాలు వేయండి. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో గుచ్చితే ప్లాస్టిక్ పొగ పీలుస్తారు, వద్దు.

ఆరో అడుగు: కుండీని సిద్ధం చేయండి

కొత్త మట్టి కుండీని ఒక రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచాలి. ముంచగానే గోడలోంచి బుస్సున బుడగలొస్తాయి, అవి ఆగేదాకా అది నీళ్లు తాగుతున్నట్టు. పొడి కుండీలో నేరుగా నాటితే మీరు పోసిన మొదటి నీళ్లు మొక్క కన్నా ముందు గోడ తాగేస్తుంది.

అడుగు రంధ్రం మీద పాత కుండీ పెంకు ఒకటి బోర్లించండి, లేదా దోమతెర ముక్క వేయండి. మట్టి జారకుండా ఉండటానికి అది చాలు. అడుగున రెండంగుళాల కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. నిజానికి సన్నటి మట్టి నీళ్లను పట్టుకుని ఉండి, బాగా నిండితే గానీ కింది కంకరలోకి వదలదు. తడి మట్టి పొర కాస్తా వేళ్లకు దగ్గరగా పైకి జరుగుతుంది, వేళ్లకు ఉండే చోటూ తగ్గుతుంది. కంకర మానేయండి.

మిశ్రమం కుండీని బట్టి మారాలి. మట్టి కుండీకి ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు. ప్లాస్టిక్ కుండీకి కోకోపీట్ సగం పాలుకు తగ్గించి, ఆ మిగతా సగం ముతక ఇసుకో వరి ఊకో కలపండి. రెండిటిలోనూ గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఒకసారి పిండి పారబోశాకే వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. కలబంద లాంటి వాటికి ఏ కుండీ అయినా ఇసుక సగం దాకా ఉండొచ్చు.

నర్సరీ మొక్క నల్ల కవర్లో జిగట మట్టి ముద్దతో వస్తుంది. దాన్ని అలాగే తేలికపాటి మిశ్రమంలో పెడితే ముద్ద ఒకలా, చుట్టూ ఇంకోలా ఆరతాయి. కవరు కోశాక ముద్దను నీళ్లలో కాసేపు ఉంచి, బయటి మట్టిని మెల్లగా కొంత రాల్చి నాటండి. పైన అంగుళంన్నర ఖాళీ వదలండి, లేకపోతే పోసిన నీళ్లు పొర్లి బయటికి పోతాయి.

ఏడో అడుగు: నీళ్లు ఎప్పుడు పోయాలో కుండీనే అడగండి

మట్టి కుండీని పక్క నుంచి వేలితో తట్టండి. లోపల ఆరి ఉంటే శబ్దం తేటగా మోగుతుంది, తడిగా ఉంటే మొద్దుగా వస్తుంది. నాలుగు రోజులు ఇలా తట్టి చూస్తే చెవికి అలవాటవుతుంది. గోడ రంగు కూడా చెబుతుంది: తడి ఉన్నంత మేర ముదురు ఎరుపు, ఆరిన చోట లేత రంగు. ప్లాస్టిక్ కుండీకి ఈ రెండు ఆనవాళ్లూ లేవు. చిన్నదైతే ఎత్తి బరువు చూడండి, పెద్దదైతే మట్టిలో వేలు రెండో కణుపు దాకా దించండి. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉండొచ్చు.

మట్టి కుండీ మరీ ఎండిపోతే కోకోపీట్ కుంచించుకుపోయి గోడకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి సర్రున అడుగుకు జారిపోతాయి, మనం నీళ్లు దిగాయనుకుంటాం. అలాంటప్పుడు కుండీని బకెట్ నీళ్లలో అంచుకు కాస్త కింద దాకా ఉంచి, బుడగలు ఆగాక తీయండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో మట్టి కుండీ గోడల మీద తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, నీళ్లలోని లవణాలు. కొబ్బరి పీచుతో తోమితే పోతుంది, మొండిగా ఉంటే కాస్త వెనిగర్ కలిపిన నీళ్లు. ప్లాస్టిక్ కుండీలో ఆ పొర కనబడదు కాబట్టి లేదనుకోకండి. ఉప్పంతా మట్టిలోనే పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడటం అందుకు ఒక గుర్తు. నెలకోసారి అడుగు నుంచి బాగా కారేదాకా మెల్లగా నీళ్లు పోసి కడిగేయండి. వాన నీళ్లు దొరికితే మరీ మంచిది.

కుండీ కింద పళ్లెం పెడితే వారానికోసారైనా ఆ నీళ్లు పారబోయాలి. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు. మేడ మీదైతే పళ్లెం అక్కర్లేదు, కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి. నీళ్లు పోతాయి, స్లాబు వేడి కూడా నేరుగా తగలదు.

రెండూ కావాలంటే

ప్లాస్టిక్ కుండీలోని మొక్కను దానికన్నా పెద్ద మట్టి కుండీలో దించి పెట్టొచ్చు. ఎండ బయటి గోడకు తగులుతుంది, లోపల తడి నిలుస్తుంది, మార్చాలంటే పైకి ఎత్తేస్తే సరి. రెంటి అడుగునా నీళ్లు పోయే దారి ఉండాలి.

ఊరెళ్లేవాళ్లకు ఇంకోటి. పెద్ద ప్లాస్టిక్ టబ్బు మధ్యలో రంధ్రం లేని చిన్న మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి తడి ఊరుతూ చుట్టూ వేళ్లకు అందుతుంది. మెట్ట పొలాల్లో, తోటల్లో మొక్కలు బతికించడానికి ఉన్న పాత పద్ధతే ఇది. గ్లేజు, రంగు లేని కుండే పనికొస్తుంది. ఊరెళ్లే ముందు ఇంట్లో ఉండగానే నింపి, ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందో చూసుకోండి.

అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీ లాంటి చలి రాష్ట్రాల్లో కరివేపాకు పెంచుకునే మనవాళ్లకు సమాధానం సూటిగానే ఉంది: ప్లాస్టిక్. చలి ముదరక ముందే, రాత్రి వేడి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగేసరికే మొక్కను లోపలికి తేవాలి, వేసవిలో మళ్లీ బయట పెట్టాలి. ఆ మోతకు తేలిక కుండీయే దిక్కు. తడి మట్టి కుండీని బయట వదిలేస్తే గోడల్లోని నీళ్లు గడ్డకట్టి పగులుతుంది.

మార్చే రోజు వచ్చినప్పుడు

అడుగు రంధ్రంలోంచి వేళ్లు బయటికొస్తున్నా, పోసిన నీళ్లు నిలవకుండా కారిపోతున్నా పెద్ద కుండీకి మార్చాలి. తొలకరి వానలు పడ్డాక మారిస్తే మొక్క తొందరగా కుదురుకుంటుంది. ప్లాస్టిక్ కుండీని పక్కలకు నొక్కి, బోర్లిస్తే ముద్ద ఊడి వస్తుంది. మట్టి కుండీ గోడకు వేళ్లు అతుక్కుని ఉంటాయి, లాగితే తెగుతాయి. ముందురోజు నీళ్లు బాగా పోసి, మర్నాడు గోడ వెంబడి పొడవాటి కత్తిని చుట్టూ తిప్పి, కుండీని పక్కకు పడుకోబెట్టి మెల్లగా తట్టండి. ప్లాస్టిక్ కుండీ అంచు వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంటే దాన్ని ఇంకో మొక్కకు వాడకండి, ఆ ముక్కలు మట్టిలో కలిసిపోతే ఏరలేరు. పగిలిన మట్టి కుండీ పెంకులు మాత్రం ఒక సంచిలో వేసి ఉంచుకోండి, తర్వాతి కుండీల అడుగున వేయడానికీ ఆర్కిడ్లకూ అవే కావాలి.